ఆటిజము గల పిల్లలకు పథ్యము పనిచేయునా?

మన దేశమున రోగి వైద్యుని యొద్దకు పోయినప్పుడు మందేమని యడుగుటకు ముందే పథ్యమేమని యడుగును. జ్వరమునకు లంకణము, అమ్మవారు పోసిన బిడ్డకు చప్పిడి యన్నము, చంటిబిడ్డకు కడుపునొప్పి వచ్చినచో తల్లి నోరు కట్టుకొనుట, ఇవి యన్నియు తరతరములుగా మన యిండ్లలో సాగుచు వచ్చినవి. వీనిలో కొన్ని మేలు చేయును. కొన్నింటివలన మేలును లేదు, కీడును లేదు. కొన్ని కీడే చేయును. కావున తమ బిడ్డకు ఆటిజము కలదని వైద్యులు చెప్పగనే తల్లిదండ్రులు "వీనికి ఏమి పెట్టవలెను? ఏమి మాన్పవలెను?" అని యడుగుట వింత గాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఈ ప్రశ్న మాకు తఱచుగా వినబడుచున్నది. గోధుమ మాన్పినచో మాట వచ్చునట గదా యని యొకరు, పాలు మాన్పినచో పిలిచిన పలుకునట గదా యని యొకరు, ఒంటెపాలు త్రావించినచో కుదురునట గదా యని మఱియొకరు అడుగుచున్నారు. మేము ఉపాధ్యాయులము గాని వైద్యులము గాము. అయినను ఈ విషయమున శాస్త్రజ్ఞులు ఏమేమి పరీక్షించిరో, ఏమి తేలెనో చదివి, పై తరగతుల విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును బోధపడునట్లు వ్రాయుచున్నాము.

ముందుగా ఆటిజమనగా నేమో చెప్పవలెను. ఇది గాలి సోకుట కాదు, పిచ్చి కాదు, పెంపకపు లోపము కాదు. మెదడు పెరుగు తీరులోనే, చాల మట్టునకు బిడ్డ పుట్టక మునుపే, కలుగు భేదము. ఇట్టి పిల్లలలో కొందఱకు మాటలు ఆలస్యముగా వచ్చును. కొందఱకు రానే రావు. కొందఱు మాటలు వచ్చియు ఎదుటివారి మనస్సు నెఱిగి సంభాషింపలేరు. చేసిన పనినే మరల మరల చేయుట, దినచర్యలో ఇసుమంత మార్పు కలిగినను తల్లడిల్లుట, శబ్దమును, వెలుతురును, స్పర్శను, వాసనను, రుచిని ఇతరులకంటె మిక్కిలి హెచ్చుగానో మిక్కిలి తక్కువగానో గ్రహించుట దీని లక్షణములు. మన దేశమున హైదరాబాదుతో కూడ అయిదు చోట్ల జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధననుబట్టి, రెండేండ్లకును తొమ్మిదేండ్లకును నడుమ వయసుగల పిల్లలలో నూటికి ఇంచుమించు ఒకరికి ఈ భేదము కలదు. అనగా వేయిమంది పిల్లలున్న బడిలో పదిమంది వఱకు ఉండవచ్చును.

1925లో మాస్కో నగరమున సుఖరేవా అను వైద్యురాలు ఇట్టి బాలురను గూర్చి వ్రాసెను గాని లోకము అంతగా గమనింపలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి ప్రకటించిన వ్యాసముతో ఈ సంగతి వ్యాప్తి చెందెను. ఆ మొదటి వ్యాసమునందే ఆహారపు మాట కలదు. ఆ పిల్లలలో పలువురు పసితనమునుండియు తిండి విషయమున తల్లులను మిక్కిలి శ్రమపెట్టినట్లు కానర్ వ్రాసియున్నాడు. బిడ్డకు వెలుపలి లోకమునుండి మొట్టమొదట వచ్చి తగులునది ఆహారమే కావున, లోకమును దూరముగా నుంచగోరు బిడ్డ ముందు తిండినే త్రోసివేయునని ఆయన యూహ. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

కారణము తెలియని కష్టము వచ్చినప్పుడు మనుష్యులు ఎవరినో, దేనినో దోషిగా నిలువబెట్టుదురు. ఉద్దానమువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఇన్నేండ్లుగా జనులను పీడించుచుండగా, నీరని కొందఱును, బియ్యమని కొందఱును, పురుగుమందులని కొందఱును చెప్పుచునే యున్నారు గాని, ఇదియే కారణమని రూఢిగా తేలలేదు. ఆటిజము విషయమున ఆ నింద తల్లిపై పడెను. తల్లిదండ్రుల ప్రేమలేమిచేతనే బిడ్డ ముడుచుకొనిపోవునని చికాగో నగరమున బ్రూనో బెటెల్హైమ్ 1967లో ఒక గ్రంథమే ప్రకటించెను. అంతకు మూడేండ్లు ముందే, అట్టి బిడ్డకు తానే తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ వాదమును ఖండించియుండెను. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనువారు ఇంగ్లండునందు 21 జతల కవలలను పరిశీలించి ఫలితమును ప్రకటించిరి. ఒకే అండమునుండి కలిగిన 11 జతలలో 4 జతలయందు ఇద్దఱు బిడ్డలకును ఆటిజము కనబడెను. వేఱువేఱు అండములనుండి కలిగిన 10 జతలలో ఒక్క జతయందైనను ఇద్దఱికిని కనబడలేదు. ఏ జతయైనను ఒకే గర్భమున పెరిగినదే, ఒకే యింటి వంట తినినదే. కావున భేదమునకు మూలము వంశపారంపర్యముగా వచ్చు జన్యువులయందు వెదకవలసియున్నదని తేలెను. పిమ్మట జరిగిన పెద్ద పరిశోధనలు దీనిని బలపఱచినవి.

అయినను నింద పూర్తిగా తొలగలేదు. ఒడిని వదలి వంటింటికి పోయినది. కడుపుతో నున్నప్పుడు ఏమి తింటివి, బిడ్డకు బిస్కట్లేల పెట్టితివి, పాలేల మాన్పింపవైతివి అని కోడలిని అత్తవారింటివారు అడుగుట మే మెఱుగుదుము. అందుచే పథ్యమును గూర్చిన ప్రశ్న ఒట్టి కుతూహలపు ప్రశ్న గాదు. దాని జవాబునుబట్టి ఒక తల్లి తలయెత్తుకొని తిరుగుటయు, ఒక బిడ్డ కంచములో పెరుగన్నము మిగులుటయు ఆధారపడియున్నవి.

గోధుమను, పాలను మాన్పవలెనను మాట ఎచ్చటనుండి వచ్చినదో చూతము. 1979లో జాక్ పాంక్‌సెప్ అను శాస్త్రజ్ఞుడు ఆటిజమునందలి కొన్ని లక్షణములు నల్లమందు ప్రభావమును పోలియున్నవని వ్రాసెను. పిదప నార్వే దేశమున రైకెల్ట్ మొదలగువారు ఈ యూహను ఆహారమునకు ముడిపెట్టిరి. గోధుమలో గ్లూటెన్ అనియు, పాలలో కేసీన్ అనియు మాంసకృత్తులు కలవు. ఇవి కొందఱు పిల్లల కడుపులో పూర్తిగా జీర్ణము గాక ముక్కలుగా మిగిలి, ప్రేగుల గోడలగుండ రక్తమున ప్రవేశించి, మెదడును చేరి, నల్లమందువలె పనిచేయునని వారి వాదము. వినుటకు ఇది పొందికగానే యున్నది. కాని పొందికగా నున్నదెల్ల సత్యము కానేరదు. ఆ ముక్కలు దేహములో నిజముగా ఉన్నచో మూత్రమునందు కనబడవలెను. 2008లో లండను వైద్యులు ఆటిజము గల 65 మంది బాలుర మూత్రమును, ఇతర బాలల మూత్రమును సూక్ష్మ పరికరములతో పరీక్షించి చూడగా, అట్టి ముక్కలు వారిలో కానరాలేదు.

సరే, కారణము తప్పైనను ఫలితము నిజము కావచ్చును గదా? పథ్యము చేయించిన పిమ్మట మా బిడ్డ మెఱుగుపడెనని చెప్పు తల్లిదండ్రులు వేలకొలది కలరు. వారు అబద్ధమాడుచున్నారని మే మనము. ఇక్కడనే విద్యార్థులు నేర్వదగిన పాఠమొకటి యున్నది.

ఒక బాలునకు ఆషాఢములో గోధుమ మాన్పించిరనుకొందము. కార్తికమునాటికి వాడు అయిదు క్రొత్త మాటలు నేర్చెను. గోధుమ మాన్పుటచేతనే నేర్చెనా? ఆ నాలుగు మాసములలో వాడు నాలుగు మాసములు పెద్దవాడయ్యెను. అదే కాలమున మాటలు నేర్పువారి యొద్దకు పోవుట మొదలుపెట్టియుండవచ్చును. పథ్యము పేరిట అంగడి బిస్కట్లు, తీపి పానీయములు మాని, ఇంట వండిన తిండి తినియుండవచ్చును. తల్లి ప్రతి ముద్దను కనిపెట్టుచు వాని ప్రక్కన మునుపటికంటె ఎక్కువసేపు కూర్చుండియుండవచ్చును. వీని యన్నింటికంటె బలమైనది మఱియొకటి కలదు. ఆశతో చూచు కన్నులకు ఆశించినదే కనబడును.

తాతగారొకరు తమ యూరి నూతి నీటివంటి తీయని నీరు జిల్లాలో లేదందురు. ఇది నిజమో కాదో తెలిసికొనుట యెట్లు? రెండు ఊళ్ల నీటిని ఒకే తీరు గ్లాసులలో పోసి, ఏది యేదో చెప్పక ఇయ్యవలెను. అంతే చాలదు. గ్లాసులందించు మనుమనికిని ఏది యేదో తెలియరాదు. తెలిసినచో వాని మొగమే చెప్పివేయును. గుర్తులు మూడవవాని యొద్ద చీటిలో దాచియుంచవలెను. ఇట్లు పదిమార్లు చేసి, పిమ్మట చీటిని విప్పి చూడవలెను. దీనిని మఱుగు పరీక్ష యందము. వైద్యశాస్త్రమున ఒక మందు పనిచేయునో లేదో ఈ విధముననే తేల్చుదురు.

మఱుగు పరీక్ష ఎంత యవసరమో సెక్రెటిన్ కథ తెలుపును. సెక్రెటిన్ అనునది మన ప్రేగులలో పుట్టి జీర్ణమునకు తోడ్పడు పదార్థము. కడుపు పరీక్షకై దీనిని సూదిద్వారా ఎక్కింపగా ముగ్గురు పిల్లల ఆటిజము తగ్గెనని 1998లో అమెరికాలో ప్రకటించిరి. వార్త పొక్కగానే వేలకొలది తల్లిదండ్రులు దానికై పరుగెత్తిరి. 1999లో 60 మంది పిల్లలను తీసికొని, సగము మందికి సెక్రెటిన్, సగము మందికి ఒట్టి ఉప్పునీరు ఎక్కించి, ఎవరికేది ఇచ్చిరో తెలియకుండ చూచిరి. సెక్రెటిన్ పొందినవారు కొంత మెఱుగుపడినట్లు కనబడిరి. ఉప్పునీరు పొందినవారును అంతే మెఱుగుపడినట్లు కనబడిరి! ఇంతకంటె విచిత్రమేమన, ఫలితము చెప్పిన పిమ్మట కూడ నూటికి 69 మంది తల్లిదండ్రులు తమకు సెక్రెటిన్ కావలెననియే కోరిరి. బిడ్డపై ప్రేమ యెంత గొప్పదో, అది కన్నులను ఎంతగా కప్పగలదో రెండును ఇందు తెలియుచున్నవి.

గోధుమ, పాల విషయమునను ఇట్లే పరీక్షించిరి. 2006లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో ఫ్లారిడా రాష్ట్రమున 15 మంది పిల్లలకు పండ్రెండు వారములపాటు తిండిని పరిశోధకులే పంపిరి. కొన్ని వారములు గోధుమ, పాలు కలిసిన తిండి, కొన్ని వారములు అవి లేని తిండి. ఏది ఎప్పుడో తల్లిదండ్రులకు తెలియదు. లెక్కలలో భేదమేమియు తేలలేదు. అయినను పలువురు తల్లిదండ్రులు తమ బిడ్డ మెఱుగుపడెనని చెప్పిరి. 2016లో న్యూయార్కు రాష్ట్రపు రాచెస్టరు నగరమునుండి వచ్చిన పరీక్ష ఇంకను నిక్కచ్చిగా జరిగినది. 14 మంది చిన్నపిల్లలకు ముందు కొన్ని వారములు గోధుమ, పాలు పూర్తిగా మాన్పించి, పిమ్మట వారమువారమును మఱుగుగా గోధుమనో, పాలనో, రెండింటినో, ఏదియు లేని తినుబండమునో ఇచ్చి చూచిరి. ప్రవర్తనలో గాని, నిద్రలో గాని, విరేచనములలో గాని మార్పు కానరాలేదు. డెన్మార్కులో 72 మంది పిల్లలతో జరిగి 2010లో వెలువడిన పరీక్షలో మేలు కనబడినదని చెప్పుదురు గాని, అందు ఎవరు పథ్యము చేయుచున్నారో తల్లిదండ్రులకు తెలిసియే యుండెను. పై పరీక్షలు చిన్నవి. అయినను మఱుగు గట్టిపడినకొలది మేలు మాయమగుచుండుట గమనింపదగియున్నది.

మన సీమవారు ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. గ్లూటెన్ గోధుమ, బార్లీ మొదలగు వానిలో నుండును గాని వరిలో లేదు, చోళ్లలో లేదు, గంటెలలో లేదు, జొన్నలలో లేదు. చద్దియన్నము, చోడి అంబలి త్రాగి పొలమునకు పోయిన మన పెద్దలు తెలియకయే గ్లూటెన్ లేని తిండి తినినవారు. ఉప్మా రవ్వయు, చపాతీయు, మైదాబిస్కటును మన యిండ్లలోనికి పిదప వచ్చిన చుట్టములు. గోధుమయే మూలమైనచో వరియన్నము తిను దేశములలో ఆటిజము అరుదుగా నుండవలెను. కాని వరియే ప్రధానాహారమైన దక్షిణ కొరియాలో, సియోలు నగర సమీపమున ఏడేండ్లకును పండ్రెండేండ్లకును నడుమగల పిల్లలను శ్రద్ధగా పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్కనుబట్టి, అచ్చట నూటికి 2.64 మందికి ఆటిజము కలదు. దీనితోనే వాదమంతయు ముగిసినదని మేమనము. కొరియావారును నేడు గోధుమ తినుచున్నారు. అయినను అమెరికా తల్లికి చెప్పిన పథ్యమును పార్వతీపురపు తల్లికి అప్పచెప్పుట ఎంత పొసగునో యోచింపవలెను. పనిలోపని, మన అంగళ్లలో దొరకు ఇంగువలో గోధుమపిండి కలియుచుండును గాన, గ్లూటెన్ నిష్ఠగా మానువారు పులిహోరపోపును కూడ మానుకొనవలసి వచ్చును!

గోధుమ మానుటవలన అన్నము తిను బిడ్డకు పెద్ద నష్టము లేదు. పాల సంగతి అట్లు కాదు. ఆటిజము గల పిల్లలలో పలువురు రెండు మూడు వస్తువులు తప్ప తినరు. పెరుగన్నము, అప్పడము, అరటిపండు మాత్రమే తిను బాలుని పెరుగు మాన్పినచో వానికి మిగులునదేమి? 2008లో అమెరికాలో నాలుగు మొదలు ఎనిమిదేండ్ల వఱకు గల 75 మంది ఆటిజము గల బాలుర చేతి యెముకలను ఫోటో తీసి చూడగా, వారి యెముకలు ఆ యీడు పిల్లలకంటె పలుచగా నుండెను. వారిలో పాలు మాన్పినవారి యెముకలు మఱింత పలుచగా నుండెను. నిజముగా పాలు పడని బిడ్డకు మన యింట విరుగుడు లేకపోలేదు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. తెల్లబియ్యములో అందు ముప్పదవ వంతైనను లేదు. కాని ఆ బిడ్డ చోడి జావ త్రాగుటకు ఒప్పుకొనవలెను గదా.

ఇంతవఱకు చదివినవారు ఆహారమునకును మెదడునకును సంబంధమే లేదని మేము చెప్పుచున్నామని తలంపరాదు. సంబంధము రుజువైన చోట్లు కలవు, అవి యెట్లు రుజువైనవో తెలిసికొనుట మిక్కిలి ముఖ్యము. 1934లో నార్వే దేశమున ఒక తల్లి, బుద్ధి వికసింపని తన యిద్దఱు బిడ్డలను అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని యొద్దకు తెచ్చెను. బిడ్డల యొంటినుండి ఒక విధమైన వింత వాసన వచ్చుచున్నదనియు, కారణము చెప్పువారు లేరనియు ఆమె మొఱపెట్టుకొనెను. ఫోలింగ్ వారి మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు వేసి చూడగా అది ఆకుపచ్చగా మాఱెను. పలు మాసములు శ్రమించి, ఆహారపు మాంసకృత్తులలోని ఫినైల్ అలనీన్ అను అంశము ఆ బిడ్డల దేహములో అరగక పేరుకొనుచున్నదని కనుగొనెను. ఈ వ్యాధికి ఫినైల్‌కీటోనూరియా యని పేరు. చికిత్స లేనిచో బుద్ధిమాంద్యమును, పలుమార్లు ఆటిజమును పోలిన లక్షణములును కలుగును.

1953లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము నగరమున హోర్స్ట్ బికెల్, జెరార్డ్, హిక్మన్స్ అనువారు ఆ యంశమును తగ్గించిన తిండి సిద్ధము చేసి రెండేండ్ల బాలికకు పెట్టిరి. తల బాదుకొనుచు, నిలువలేక, ఎవరిని గుర్తింపక యుండిన ఆ బిడ్డ నెలలలో పాకుట, నిలుచుట నేర్చెను, కన్నులలో కళ వచ్చెను. ఇది పథ్యముచేతనా, కాలముచేతనా? సందేహము తీర్చుకొనుటకై, తల్లికి చెప్పకయే, తీసివేసిన యంశమును మరల తిండిలో కలిపి చూచిరి. కొన్ని గంటలలోనే బిడ్డ ఏడ్పు, తల బాదుకొనుట మొదలిడెను. కొన్ని దినములలో నేర్చినదెల్ల పోయెను. తల్లికి చెప్పకుండుట తగునా యని నేటివారు ప్రశ్నింతురు, ప్రశ్నింపదగినదే. కాని ఇచ్చట మఱుగు పరీక్షలో పథ్యము నెగ్గెను. గోధుమ, పాల పథ్యము అదే పరీక్షలో నెగ్గలేదు. పిమ్మట 1960 దాటిన యేండ్లలో రాబర్ట్ గత్రీ మడమనుండి తీసిన రక్తపు బొట్టుతోనే ఈ వ్యాధిని పుట్టిన దినములలో గుర్తించు మార్గము చూపెను. అది మొదలు పలు దేశములలో ఇట్టి బిడ్డలు పథ్యముతోనే చక్కగా పెరిగి చదువుకొనుచున్నారు. ఇది అరుదైన వ్యాధి. ఆటిజము గల వారిలో మిక్కిలి కొద్దిమందికి మాత్రమే సంబంధించినది.

తెలుగువారి పేరు వచ్చు సంగతి మఱొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆకుకూరలలోను పప్పులలోను ఉండు ఈ విటమిను గర్భారంభమున చాలినచో బిడ్డకు వెన్నుపాము లోపము చాల మట్టునకు తప్పునని 1991లో రుజువయ్యెను. నార్వేలో 85 వేలకు పైగా పిల్లలను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్కలో, గర్భము నిలుచు కాలమున దీనిని పుచ్చుకొనిన తల్లుల బిడ్డలలో కానర్ వర్ణించినట్టి ఆటిజము సగము మాత్రమే కనబడినది. ఇది మఱుగు పరీక్ష గాదు, లెక్కలలో కనబడిన పొత్తు మాత్రమే; ఆ తల్లులు ఇతర విషయములందును శ్రద్ధగలవారై యుండవచ్చును. అయినను వెన్నుపాము కొఱకే ఈ మాత్రలు అవసరము కావున, గర్భము ధరింపగోరు స్త్రీలు వైద్యుల సలహాతో వీనిని పుచ్చుకొనుటలో సంశయింప పనిలేదు. పుచ్చుకొననివారి బిడ్డకు ఆటిజము వచ్చినచో, అందుచేతనే వచ్చెనని వారిని నిందించుటకు మాత్రము ఇది ఆధారము గాదు.

ఇక కానర్ మాటకు మరలుదము. ఆహారము ఆటిజమును మార్చునా యని లోకమంతయు వెదకుచుండగా, ఆటిజమే ఆహారమును మార్చుచున్నదని ఆయన మొదటనే చూచియుండెను. ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను పరిశీలించి 2021లో ప్రకటించిన సంగతి దీనికి తార్కాణము. ఆటిజము గల పిల్లల ప్రేగులలోని సూక్ష్మజీవులు వేఱుగా నున్నవనియు, అవియే ఆటిజమునకు కారణమనియు కొందఱు చెప్పుచుండిరి. ఈ పరిశోధకులు తేల్చినదేమనగా, ఆటిజముచే పిల్లలు ఎన్నికగా కొన్ని వస్తువులనే తినుచున్నారు, తిండిలో వైవిధ్యము లేనందున సూక్ష్మజీవులలోను వైవిధ్యము తగ్గుచున్నది. బండి ముందు, ఎద్దు వెనుక కట్టి చూచుచుంటిమన్న మాట.

ఇట్టి బిడ్డకు వంకాయకూర జిగురుగా నుండుట అయిష్టము మాత్రమే కాదు, భరింపరాని బాధ. ఉప్పుచేప వాసన మనకు ఆకలి పుట్టించును, వానికి ఊపిరాడనీయదు. అన్నము నిన్న విడివిడిగా నుండి నేడు మెత్తబడినచో అది వానికి వేఱు వస్తువే. ఇది మొండితనము గాదు. కాని ఫలితము దేహమునకు తప్పదు. ఏండ్ల తరబడి రెండు మూడు వస్తువులే తినిన ఆటిజము గల పిల్లలకు, పూర్వము ఓడ నావికులకు వచ్చిన స్కర్వీ రోగము వచ్చినట్లు వైద్య పత్రికలలో కలదు. విటమిను ఏ లేమిచే చూపు పోయిన బాలురును కలరు. ఇనుము లోపించుట సామాన్యము. మన్ను, గోడసున్నము, రంగు పెచ్చులు తిను బిడ్డకు రక్తపరీక్ష చేయింపవలెను, ఏలయన రంగులలో సీసముండవచ్చును. మలబద్ధకము మఱియొకటి. కడుపునొప్పి యని చెప్పలేని బిడ్డ తల గోడకు కొట్టుకొనును, రాత్రులు నిద్రపోడు, చేయి కొఱుకుకొనును. దానికి చికిత్స చేసినచో ప్రవర్తన చక్కబడును. కొన్ని యిండ్లలో పథ్యముచే కలిగెనని చెప్పు మేలు ఇట్టిదే కావచ్చునని మా యూహ. గోధుమ పడకపోవు సీలియాక్ అను వ్యాధి, పాలు అరగకపోవుట, ఇవి ఇతరులకు వచ్చునట్లే వీరికిని రావచ్చును. అట్టి వ్యాధి నిజముగా నున్నచో పథ్యము తప్పనిసరి. అయితే సీలియాక్ వ్యాధి రక్తపరీక్ష గోధుమ తినుచుండగనే చేయింపవలెను. ముందే మాన్పినచో పరీక్షలో పట్టుబడదు.

కాబట్టి ఇంట చేయదగినది తీసివేయుట గాదు, చేర్చుట. వాడు తిను వస్తువును వానికి విడువవలెను. దాని ప్రక్కన క్రొత్తది ఒక్క బఠాణీగింజంత పెట్టి ఊరకుండవలెను. చూచుట, ముట్టుట, వాసన చూచుట, నాలుకకు తగిలించుట, ఇవి యన్నియు మెట్లు. ఒక్కొక్క మెట్టునకు వారములు పట్టవచ్చును. నోరు పట్టి కుక్కరాదు. వాడు నమ్మి తిను ఒక్క వస్తువులో మాత్రలు గాని చోడిపిండి గాని దొంగతనముగా కలుపరాదు. పసిగట్టినచో ఆ ఒక్కటియు మానివేయును. ఒక్క మాట విద్యార్థులకు. మధ్యాహ్న భోజనపు వరుసలో ఒకడు గ్రుడ్డును త్రోసివేసి, తన డబ్బాలోని తెల్లయన్నమే తినుచుండవచ్చును, గంట మ్రోగగానే చెవులు మూసికొనవచ్చును. వానిని గేలి చేయవద్దు; వాని చోటు మార్చవద్దు. ఆ చోటు, ఆ డబ్బా, ఆ తెల్లయన్నము ఉన్నందుననే వాడు బడికి రాగలుగుచున్నాడు.

పొడులు, వెండ్రుకల పరీక్షలు, పెద్ద మోతాదుల విటమినులు, ఒంటెపాలు అమ్మువారిని గూర్చి హెచ్చుగా వ్రాయము. విటమిను ఏ, విటమిను డి మితిమీరినచో విషములగును. దేహములోని లోహములను తీసివేయుదుమని చెప్పి సూదిమందు ఎక్కింపగా 2005లో అమెరికాలో అయిదేండ్ల బాలుడు మరణించెను. ఈ వస్తువులకు పోయు రూపాయిలతో మాటలు నేర్పువారి యొద్దకు పోవు బస్సు ఖర్చు సంవత్సరమంతయు గడచును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున చేర్చిన 21 వైకల్యములలో ఆటిజము కలదు. జిల్లా కేంద్రములందలి సత్వర చికిత్సా కేంద్రములలో పిల్లలను పరీక్షింతురు. మండలములలో భవిత కేంద్రములు కలవు. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ కలదు. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకమున లక్ష రూపాయల వఱకు వైద్యబీమా కలదు. శిక్షణ ఎంత చిన్ననాట మొదలిడిన అంత మేలు.

ఇన్ని చెప్పినను, ఒక్కసారి పథ్యము చేయించి చూడనిదే మనస్సు నిలువదను తల్లిదండ్రులు ఉందురు. వారిని మందలింపము. వైద్యునకు చెప్పి, బిడ్డ బరువు వ్రాసికొని, ఒక్క వస్తువునే మాన్పవలెను. ఆ దినములలో క్రొత్త మందు గాని క్రొత్త శిక్షణ గాని మొదలిడరాదు. దేనిని చూచెదరో ముందే కాగితముపై వ్రాయవలెను: నిద్ర యెన్ని గంటలు, మాటలు ఎన్ని, ఏడ్పు ఎన్నిమార్లు, విరేచనము ఎట్లు. ముగింపు తేదీని కూడ ముందే వ్రాయవలెను. ఆఱు వారములు చాలును. ఇంట ఒక పుస్తకములో తల్లి వ్రాయును. బడిలో ఉపాధ్యాయుడు వేఱొక పుస్తకములో వ్రాయును. ఇంట ఏమి మాన్పిరో, ఎప్పుడు మాన్పిరో ఆయనకు చెప్పరాదు. ఈ సాయము ఏ బడియైనను చేయగలదు, మేమును చేయుదుము. గడువు తీరినపిదప రెండు పుస్తకములను వైద్యుని యెదుట ప్రక్కప్రక్కన తెఱచి చూడవలెను. భేదము కనబడనిచో, మాన్పిన పెరుగును మరునాటి మధ్యాహ్నమే బిడ్డ కంచములో మరల వేయవలెను.